కాలయముడి చేతి గడియారం

ఆ వీధిలో అందరికీ ఆయన స్పీకర్ల మాస్టారు. ఒక్క బావమరిదికి మాత్రం కాలయముడు. ఎవరి ప్రాణం తీశాడని ఆ పేరొచ్చిందో అని కంగారు పడక్కర్లేదు. ఆయన తీసింది మనుషుల ప్రాణాలు కాదు, గడియారాల ప్రాణాలు. ఆయన చేతికెక్కిన గడియారం నెల తిరక్కుండా మంచమెక్కేది.

మొదటిది పెళ్లికి మావగారు కొనిపెట్టిన కీ గడియారం. వారం గడిచేసరికి అది రోజుకి ఇరవై నిమిషాలు ముందుకు పరిగెత్తడం మొదలెట్టింది. "మా నాన్న కొన్న గడియారానికి కొత్త అల్లుడి కంటే తొందరెక్కువగా ఉందే!" అన్నాడు బావమరిది. రెండోది మాస్టారు సొంతంగా కొనుక్కున్న బ్యాటరీ గడియారం. అది ఆయన పనిబల్ల ముందు కూర్చున్నంతసేపూ ఆగిపోయి, ఆయన లేచి నిలబడగానే నడిచేది. మూడోది పెళ్లయిన పదేళ్లకి భార్య ముచ్చటపడి తెచ్చింది. అది పన్నెండు రోజులు బతికింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ రోజుతో ఆయన గడియారాలకి దణ్ణం పెట్టేశాడు.

కారణం ఆయనకి తెలియక కాదు. ఇరవై ఏడేళ్లుగా ఆయన పని పాడైన స్పీకర్లు బాగుచెయ్యడం. ప్రతి స్పీకరు వీపునా రొట్టెంత అయస్కాంతం ఉంటుంది. రోజంతా చేతులు వాటి మధ్యే. గడియారం లోపల వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటుందనీ, దానికి అయస్కాంతం సోకితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోతాయనీ ఆయన ఇంట్లో వాళ్లకి మూడుసార్లు విడమరచి చెప్పాడు. మూడుసార్లూ అందరూ శ్రద్ధగా విన్నారు. విన్నాక అత్తగారు, "అదంతా సరే నాయనా, నీ చెయ్యే అంత" అని తేల్చేసింది.

ఆయన కొట్టు ఇంటికిందే ఉండే పొడవాటి గది. మెట్లు దిగితే పని, మెట్లెక్కితే అన్నం. గోడల నిండా మూగపోయిన స్పీకర్లు, ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ. చిరిగిన కాగితపు గరాటుని బ్లేడుతో కోసి తీసి, లోపలి రాగి చుట్టని మార్చి, కొత్త గరాటుని జిగురుతో కూర్చోబెట్టాలి. చుట్ట సరిగ్గా అయస్కాంతపు సందు మధ్యలో నిలవాలి, గోరంత పక్కకి జరిగినా గొంతు గీరుకుపోతుంది. అలా జరక్కుండా చుట్టూ సన్నని ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు దూర్చి, జిగురు ఆరాక ఒక్కొక్కటే పైకి లాగేవాడు. ఆ ఫిల్ములు భార్య సరఫరా. ఆవిడ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసేది. "ఎవరి పక్కటెముకలో, ఎవరి మోకాళ్లో అన్నీ మీ స్పీకర్లలో పాటలు పాడుతున్నాయండీ" అనేది.

ఆయన చెవి మహా చురుకైన చెవి. ఇంటి ఫ్రిజ్జు మూలుగు అరస్వరం తగ్గిందని, మర్నాడు అది ఆగిపోతుందని ముందే చెప్పేవాడు. అలాంటి మనిషికి గడియారమంటే పిచ్చి ఉండటంలో వింతేముంది? సాయంత్రం టీ తాగడానికి వెళ్లినప్పుడల్లా పెద్ద వీధి మలుపులో గడియారాల దుకాణం అద్దం ముందు ఆగేవాడు. టైము చూసుకోడానికి కాదు. ఒక ముల్లు గీతకి ఎంత తిన్నగా ఎదురు నిలిచిందో, ఒక అంచుని ఎంత ఓపిగ్గా నునుపు చేశారో చూడటానికి. అద్దం మీద ఆయన ఊపిరి ఆవిరి అలుక్కునేది. తుడిచేసి ఇంటికొచ్చేవాడు.

ఇలా ఉండగా ఆయన యాభై మూడో ఏట ఒక పెద్ద పని వచ్చిపడింది. నగర సభామందిరం పైకప్పు కారి, గోడల్లో అమర్చిన డెబ్బై రెండు స్పీకర్లు తడిసి పాడయ్యాయి. వాటిని అమర్చిన వాళ్లు వచ్చి చూసి, పారేసి కొత్తవి పెట్టుకోమన్నారు. మందిరం మేనేజరుకి మనసొప్పలేదు. ఎవరో చెబితే స్పీకర్ల మాస్టారి దగ్గరికొచ్చాడు. మాస్టారు ఒకదాన్ని విప్పి వాసన చూసి, వేలితో తట్టి, "కట్టె బాగుంది. ఇనుము బాగుంది. గొంతొక్కటే పోయింది. గొంతు నేనిస్తాను" అన్నాడు.

ఏడు నెలలు పట్టింది. ఇల్లంతా స్పీకర్లే. మెట్ల మీద స్పీకర్లు, మంచం కింద స్పీకర్లు, భార్య బట్టలారేసే చోట ఆరుతున్న గరాట్లు. మందిరం తిరిగి తెరిచిన రోజు మొగుడూ పెళ్లాలిద్దరూ ఆఖరి వరసలో కూర్చున్నారు. వేదిక మీద ఒకావిడ మైకు ముందు నిలబడి పాట మొదలెట్టే ముందు చిన్నగా ఊపిరి పీల్చింది. ఆ పీల్చిన ఊపిరి ఆఖరి వరసదాకా వినపడింది. మాస్టారు భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పాట సంగతి ఆయనకి ఆ తర్వాత గుర్తే లేదు.

మందిరం వాళ్లు మాటిచ్చినదానికంటే ఎక్కువగానే ముట్టజెప్పారు. ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య అంది:

"ఇల్లు బాగుంది, మన ఒళ్లు బాగున్నాయి, పిల్లకి ఉద్యోగం ఉంది. ఈ డబ్బు మాత్రం మీ ఒక్కరి కోసం ఖర్చుపెట్టాలి. కాదంటే ఊరుకోను. ఏం కావాలో చెప్పండి."

మాస్టారు చాలాసేపు మజ్జిగ కలుపుతూ కూర్చున్నాడు. చివరికి సిగ్గుపడుతూ, "గడియారం" అన్నాడు.

భోజనానికొచ్చిన బావమరిదికి పొలమారింది. "బావా! కాలయముడికి గడియారమా? కోరి కోరి ఇంకో ప్రాణం తీస్తావా?"

"ఇది మామూలుది కాదురా. మంచిది, చాలా మంచిది. ఇన్నేళ్లూ బాగుచేసినవన్నీ ఎవరిళ్లకి వాళ్లు పట్టుకుపోయారు. ఎవరో చెయ్యి తిరిగినవాడు మనసుపెట్టి చేసిన వస్తువొకటి నా చేతిమీద ఉండాలని ఉంది. అంతే."

భార్య ఒక షరతు పెట్టింది. "రోజూ పెట్టుకుంటానంటే కొందాం. బీరువాలో పెడతానంటే వద్దు. బీరువాకి గడియారమెందుకు, అదెక్కడికి వెళ్లాలి?"

ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. మాస్టారు జేబులో చేతిరుమాలు చుట్టిన ఒక చిన్న అయస్కాంతం వేసుకున్నాడు. మొదటి దుకాణంలో తెల్ల చేతితొడుగులు వేసుకున్న యువకుడు బంగారు గడియారాన్ని మఖమల్ పళ్లెంలో తెచ్చి, పాపాయిని చూపించినట్టు చూపించాడు. మాస్టారు రుమాలు విప్పి, "దీని పక్కన ఇది పెట్టి చూడొచ్చా?" అన్నాడు. ఆ యువకుడు పళ్లేన్ని ఎదకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. రెండో దుకాణంలో అంతదాకా కూడా రానివ్వలేదు. "సార్, ఇలాంటివి పండగలకీ పార్టీలకీ పెట్టుకుంటారు. రోజువారీ పనికి చౌకది ఒకటి తీసుకోండి" అని సలహా ఇచ్చి సాగనంపారు. "చూశావా బావా, యముడొచ్చాడని గడియారాలు కూడా కబురు పంపుకుంటున్నాయి" అన్నాడు బావమరిది, చెమట తుడుచుకుంటూ.

మూడోది, రోజూ సాయంత్రం అద్దంలోంచి చూసే పెద్ద వీధి మలుపు దుకాణమే. ఇన్నేళ్లలో ఆయన దాని గడప తొక్కడం అదే మొదలు. అక్కడ కూడా అమ్మకాల అమ్మాయి అయస్కాంతాన్ని చూసి తెల్లబోయింది గానీ, వెళ్లగొట్టకుండా లోపలికి కేకేసింది. వెనక గదిలోంచి పొట్టి జుట్టు, నుదుటి మీదికి నెట్టుకున్న భూతద్దంతో నలభై ఐదేళ్లావిడ వచ్చింది. ఆ దుకాణంలో గడియారాలు విప్పే మనిషి ఆవిడే.

"ఏం పని చేస్తారు సార్ మీరు?" అని అడిగింది.

ఆ రోజు మొత్తం మీద ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. మాస్టారు చెప్పాడు. చెబుతూ చెబుతూ మూడు గడియారాల చావుకథలూ చెప్పాడు. ఆవిడ పడీ పడీ నవ్వింది. "మీలాంటి వాళ్ల కోసం చేసినవి ఉన్నాయి సార్. కరెంటు ఇంజనీర్లకీ, ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లకీ. లోపలి యంత్రాన్ని మెత్తని ఇనుప గిన్నెలో పెట్టి మూస్తారు. అయస్కాంతం వచ్చినా ఆ గిన్నె చుట్టూ తిరిగి పోవాల్సిందే, లోపలికి వెళ్లదు. వెనక గదిలోకి రండి. మీ అయస్కాంతాన్ని కూడా తీసుకురండి."

వెనక గది చిన్నది, శుభ్రమైనది. బల్ల మీద చిన్న పీట లాంటి పరికరం, పక్కన తెర. గడియారాన్ని ఆ పీట మీద బిగిస్తే దాని చప్పుడు విని, అది సరిగ్గా నడుస్తోందో లేదో గీతలు గీసి చూపిస్తుందట. మాస్టారు వంగి చూసి చిన్నపిల్లాడిలా అరిచాడు:

"ఇది మైకు! ఇందులో ఉన్నది మైకే!"

"మైకే సార్. వింటారా?" అని ఆవిడ ఒక మీట తిప్పింది. గది నిండా టికటికటికటిక. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఆయన మొహం చూసి భార్య తమ్ముణ్ణి మోచేత్తో పొడిచింది, మాట్లాడొద్దని.

ఆవిడ మూడు గడియారాలు ముందు పెట్టింది. అయస్కాంతానికి లొంగనివి మూడూ. ఒకటి పల్చటి బంగారం. ఒకటి వెండిరంగు మొహంతో, లోపల ఇంకో మూడు చిన్న ముళ్లతో ఉన్నది. మూడోది ఉక్కుది, నల్లటి మొహం, తెల్లని అంకెలు, ఇంకేమీ లేదు. బావమరిది చూపు బంగారం మీదినుంచి కదల్లేదు. "బావా, రాజా అంటే ఇదే! ఇది పెట్టుకుని స్పీకరు తడితే అది భయంతోనే పాడుతుంది."

ఆవిడ బంగారు గడియారాన్ని పీట మీద బిగించింది. మాస్టారు కాసేపు విని, తల పక్కకి వంచాడు.

"అమ్మా, ఏమనుకోకు. ఇది కుంటుతోంది."

"కుంటడమా?"

"కుడికాలు వేసినంత తేలిగ్గా ఎడమకాలు వెయ్యట్లేదు. టిక్కుకీ టక్కుకీ మధ్య సందు సమానంగా లేదు."

ఆవిడ తెర వైపు తిరిగింది. ఒకే గీతగా కలిసి ఉండాల్సినవి రెండు గీతలై, వాటి మధ్య చీమ పట్టేంత ఎడం. ఆవిడ మాస్టారి మొహంలోకీ తెరలోకీ మార్చి మార్చి చూసింది. "ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను సార్. ఇంత చిన్న తేడా మిషను చెబితే తప్ప నాకు తెలీదు. మీరు చెవితో పట్టేశారు! సరిచెయ్యడం పది నిమిషాల పని, చేసేస్తాను గానీ... ఇక ఈ రెండూ కూడా మీరే వినండి, నాకు చూడాలని ఉంది."

అమ్మకాల అమ్మాయి కూడా పని మానేసి గుమ్మంలో నిలబడింది. వెండిమొహం గడియారం బాగానే నడుస్తోందన్నాడు మాస్టారు. నల్లమొహం దాని వంతు వచ్చేసరికి వింటూ ఉండిపోయాడు. ఆవిడ ఆయన అయస్కాంతాన్ని తీసుకుని గడియారానికి మెల్లగా ఆనించింది. భార్య చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. టికటికటికటిక. తెర మీద గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బావమరిది మొట్టమొదటిసారి గొంతు తగ్గించి, "చచ్చిపోలేదు" అన్నాడు, తనలో తాను.

అప్పుడు భార్య రంగంలోకి దిగింది. "వినడం అయింది కదా, ఇక పని చేసి చూపించండి. రోజూ చేసే పనులన్నీ ఇక్కడే చెయ్యండి."

బంగారుది కట్టుకుని మాస్టారు గాల్లో స్పీకరు పెట్టుకున్నట్టు కూర్చుని, బ్లేడుతో కోసినట్టు చెయ్యి చుట్టూ తిప్పాడు. దాని అంచు చొక్కా కఫ్‌ని పట్టుకుని చెయ్యి కదలనివ్వలేదు. వెండిమొహం దాని పక్కనున్న గుండీల్లాంటి మీటలు మణికట్టు వంచినప్పుడల్లా పొడిచాయి. నల్లమొహంది కట్టుకుని కోశాడు, జిగురు పూశాడు, జేబులో చెయ్యి పెట్టి తీశాడు, బావమరిది సంచి లేపి దించాడు. దానికి ఇవేమీ పట్టలేదు, చెయ్యిలో చెయ్యిలా ఉంది. ఉక్కు పట్టీ మాత్రం వద్దన్నాడు, దాని కొక్కెం తగిలితే కాగితపు గరాట్లు చిరుగుతాయి. దాని బదులు నీళ్లలో ఉతుక్కునే గుడ్డ పట్టీ ఉందని అమ్మకాల అమ్మాయి తెచ్చింది. భార్య కళ్లద్దాలు తీసేసి, గదికి ఆ మూల నిలబడి, "ఇక్కణ్ణించి టైము తెలుస్తోంది. ఇదే" అని తీర్పు చెప్పేసింది.

అమ్మకాల అమ్మాయి ధర కాగితం మీద రాసి, బోర్లించి జరిపింది. బావమరిది దాన్ని తిప్పి చూసి, మంచినీళ్లడిగి తాగాడు. "బావా, ఈ ధరకి ఇవాళ్టి టైము చెబితే చాలదు. రేపటిది కూడా ఇవాళే చెప్పాలి."

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే చేతిసంచి తెరుస్తోంది.

ఇంతటితో కథ సుఖాంతం కావాల్సింది గానీ మనిషన్నవాడు అంత తేలిగ్గా సుఖపడడు కదా. సోమవారం మధ్యాహ్నం భార్య మెట్లు దిగి చూస్తే మాస్టారి మణికట్టు బోడిగా ఉంది. గడియారం సొరుగులో, మెత్తని గుడ్డలో, డబ్బాలో, ఇంకో డబ్బాలో.

"ఇవాళ జిగురు పని ఉందే" అన్నాడు మాస్టారు.

మంగళవారం దుమ్ము పని అన్నాడు. బుధవారం ఏ పనీ లేదు కాబట్టి అనవసరమన్నాడు. గురువారం ఆవిడ ఇక వాదించలేదు. డబ్బాలోంచి డబ్బా తీసి, గుడ్డ విప్పి, గడియారాన్ని తన చేతికి కట్టుకుని ఆసుపత్రికి వెళ్లిపోయింది.

మాస్టారికి ఆ రోజు పని సాగలేదు. రెండుసార్లు మెట్లెక్కి కిటికీలోంచి వీధిలోకి చూశాడు. ఒక స్పీకరుకి గరాటు తలకిందులుగా పెట్టాడు. బావమరిది ఫోన్ చేసి, "ఏంటి బావా, గొంతు అలా ఉంది? నీ స్పీకరు కూడా పోయిందా?" అన్నాడు. శుక్రవారం కూడా ఆవిడే కట్టుకుంది. ఆ సాయంత్రం మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది. ఎడంచేతిని వీపు వెనక దాచుకుంది.

"తిట్టనంటే చెబుతాను."

"ఏమైంది?"

"మందుల బీరువా తలుపు ఉంది కదా, దాని గడియ... సెలైన్ పెట్టె లాగుతుంటే..." చెయ్యి ముందుకు చాపింది. గడియారం ఉక్కు అంచు మీద ఏటవాలుగా గీత. బియ్యపు గింజంత ఉంటుంది.

మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని దీపం కిందికి తీసుకెళ్లాడు. గీత మీద గోరు పోనిచ్చి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత ఆయనలోంచి ఒక నవ్వు బయల్దేరింది. ముందు సన్నగా, తర్వాత ఆపుకోలేక, కుర్చీలో కూలబడి నవ్వాడు.

"ఏమైందండీ మీకు?"

"దిష్టి తీరిపోయిందే! వారం నుంచీ ఎక్కడ గీత పడుతుందో అని చస్తున్నాను. పడింది. అయిపోయింది. ఇక భయమేముంది? ఇలా ఇవ్వు."

అప్పుడే కట్టుకుని కొట్టులోకి దిగి, తలకిందులుగా పెట్టిన గరాటుని పీకి కొత్తది అంటించాడు. ఆ తర్వాత స్నానానికి తప్ప దాన్ని విప్పింది లేదు. గుడ్డ పట్టీ మీద జిగురు మరకలు పడ్డాయి. భార్య వేసిన గీతకి తోడు ఆయన సొంతంగా ఇంకో నాలుగు వేశాడు. ఏది ఏ స్పీకరుదో అడిగితే చెప్పేవాడు. మావగారి ఇంటి నుంచి వచ్చినవాళ్లెవరైనా గడియారం వైపు అనుమానంగా చూస్తే, చెయ్యి తీసుకెళ్లి అయస్కాంతాల గుట్టలో దూర్చి, కదలకుండా కూర్చుని, వాళ్ల మొహాలు చూసేవాడు. అత్తగారికి ఫోన్‌లో టిక్‌టిక్ వినిపించాడు కూడా. ఆవిడ విని, "చెయ్యి మారినట్టుంది నాయనా" అంది.

రెండు నెలలకి దుకాణం వెనక గది ఆవిడ కబురు పంపింది. కొత్త గడియారం ఎలా నడుస్తోందో ఒకసారి చూస్తానంది. తన ఇంట్లో బొంగురుపోయిన రేడియో ఒకటి ఉందనీ, అది కూడా చూడాలనీ కలిపి చెప్పింది. ముగ్గురూ మళ్లీ వెళ్లారు. ఆవిడ అంచు మీది గీతల్ని చూసి, "హమ్మయ్య, వాడుతున్నారు" అంది. పీట మీద పెడితే గీత తిన్నగా వచ్చింది. రోజుకి రెండు సెకన్ల తేడా.

"లోపల చూస్తారా?"

ఆవిడ వెనక మూత విప్పింది. దాని కింద ఆవిడ చెప్పిన ఇనుప గిన్నె మూత. దాన్ని కూడా పట్టకారుతో తీసి పక్కన పెట్టింది. నుదుటి మీది భూతద్దాన్ని తీసి మాస్టారికివ్వబోయింది. మాస్టారు అందుకోలేదు. "ముందు తనకివ్వండి" అన్నాడు.

భార్య భూతద్దం కంటికి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వంగింది.

"అయ్యో, ఇదేంటండీ... ఇది ఊపిరి తీసుకుంటోంది! ఒక చిన్న చక్రం. అటు తిరిగి ఇటు తిరిగి... దాని మీద తీగ చుట్ట ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. ఒక ఎర్ర రాయి మెరుస్తోంది. దీన్ని మనిషే చేశాడా?"

"అక్కా, ఇలా ఇవ్వు, నన్నొకసారి చూడనీ" అని బావమరిది చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని చూడకుండానే పక్కకి నెట్టేసింది. దుకాణం ఆవిడ నవ్వి కుర్చీ జరిపింది, కూర్చుని చూడమని. మాస్టారు భార్య వెనక నిలబడి, ఆవిడ చెబుతున్నది వింటూ, ఆ టికటికకి తల ఊపుతున్నాడు.

"ఉండరా" అంది ఆవిడ తమ్ముడితో, కన్ను తియ్యకుండా. "ఇంకా అవ్వలేదు."